ఎనిమిదో అంకె

జూన్ మొదటి శుక్రవారం నాడు మనం సల్మాబాద్‌లో పెట్టిన వైద్య శిబిరం లెక్కలు ఏమయ్యాయని పోయిన సమావేశంలో పెద్దలొకరు అడిగారు. లెక్కలు భద్రంగా వున్నాయి. 186 మంది పేర్లు, వయస్సులు, రక్తపోటు, చక్కెర, ఫోను నంబర్లు అన్నీ వున్నాయి. మధ్యలో ఒక్క అంకె మాత్రం నాలుగు రోజులపాటు లేకుండా పోయింది. పోగొట్టింది మేమే. సభలో అందరి ముందూ చెప్పడానికి మొహమాటపడి, "పత్రికకు రాసి ఇస్తాం లెండి" అని తప్పించుకున్నాం. సంపాదకులవారు ఆ మాట పట్టుకుని వదల్లేదు.

మేము అంటే మేమిద్దరం. ఇద్దరం వైద్యులమే. ఆ మీట నొక్కిన వేలు ఇద్దరిలో ఎవరిదని మాత్రం దయచేసి అడగకండి. ఆ విషయంలో మా ఇంట్లో ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు.

శిబిరాల జాబితాలు చూసే తమ్ముడు మేనెలలో ఉద్యోగం మారి దేశం వదిలి వెళ్ళాడు. వెళ్ళేముందు మా ఇంటికి వచ్చి, భోజనం చేసి, ఒక కాగితం చేతిలో పెట్టాడు. జాబితా అంతా దూరాన వున్న ఒక అద్దె యంత్రంలో వుందట. అందులో కిటికీలు లేవు, బొమ్మలు లేవు, మౌసు పనికిరాదు. నల్లటి తెర, దాని మీద మిణుకుమిణుకుమనే చిన్న దిమ్మ, అంతే. "విమ్ అని కొట్టి తెరవండి అన్నయ్యా. అనుమానం వచ్చినప్పుడల్లా ఎస్కేప్ నొక్కండక్కా. ఇంకా అనుమానంగా వుంటే మళ్ళీ నొక్కండి" అన్నాడు. మంత్రం ఉపదేశించినట్టే వుంది. గురువుగారు మర్నాడు విమానం ఎక్కేశారు.

మొదటి రాత్రి మేము నేర్చుకున్నది ఒక్కటే: తలుపు లోపలికి తెరుచుకుంటుంది గాని బయటికి తెరుచుకోదు. ఎన్ని మీటలు నొక్కినా ఆ నల్లటి తెర మమ్మల్ని వదల్లేదు. చివరికి కంప్యూటరునే ఆర్పేసి పడుకున్నాం. బయటికి రావాలంటే ఎస్కేప్, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం, ఎంటర్ అని మర్నాడు తెలుసుకుని, కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాం. రెండో తరగతి చదివే మా పాప దాన్ని రోజూ పద్యంలా చదివేది.

ఈ విమ్‌తో పాటే ఒక పాఠం వస్తుంది. అరగంటలో పూర్తి చేయవచ్చునని అందులోనే రాసి వుంది. మాకు పదకొండు రాత్రులు పట్టింది. ఒకరికి రాత్రి డ్యూటీ వుంటే రెండోవారికి పగటి డ్యూటీ. పాప నిద్రపోయాక, కింద గ్యారేజీలో సుత్తి చప్పుడు ఆగాక కూర్చునేవాళ్ళం. గుంటూరులో అనాటమీ చదివే రోజుల్లో కపాల నాడులు పన్నెండింటికీ తలా ఒక పిచ్చి వాక్యం అల్లుకుని వల్లించినట్టే దీనికీ అల్లుకున్నాం.

అసలు ఇంత చిత్రంగా ఎందుకు తయారు చేశారా అని తర్వాత కొంత చదివాం. దీనికి తల్లిలాంటి వి.ఐ. అనే పనిముట్టును 1976లో అమెరికాలో, బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా వున్న బిల్ జాయ్ రాశాడు. ఆయన ముందున్న యంత్రం ఎ.డి.ఎమ్. 3ఎ అనే టెర్మినల్. దాని మీటల పలకలో బాణం గుర్తులకు వేరే మీటలు లేవు. హెచ్, జె, కె, ఎల్ అక్షరాల మీదనే ఎడమ, కింద, పైన, కుడి బాణాలు ముద్రించి వున్నాయి. అందుకే ఈనాటికీ దిమ్మను కదపడానికి ఆ నాలుగు అక్షరాలే వాడతారు. ఎస్కేప్ మీట అప్పట్లో ఇప్పుడు ట్యాబ్ వున్నచోట, చిటికెనవేలికి అందేట్టు వుండేది. ఇప్పుడది మూలకు పోయింది; మనం మాత్రం చెయ్యి చాచి దాన్నే వెతుక్కుంటున్నాం.

ఆజ్ఞలన్నీ ఒక్కొక్క అక్షరం కావడానికీ కారణం వుంది. ఆయన ఇంటినుంచి ఫోను తీగ మీద పనిచేసేవాడు. ఆ తీగలో సెకనుకు ముప్ఫై అక్షరాలకు మించి వచ్చేవి కావు. 24 వరుసలు, వరుసకు 80 అక్షరాల చొప్పున తెర నిండాలంటే నిమిషం పైన పడుతుంది. ఆ నిదానంలో పొడుగు మాటలు ఎవరు కొడతారు? మేము మందుచీటీ మీద రోజుకు రెండుసార్లు అనే మాటను బి.డి. అని లాటిను పొట్టి అక్షరాలలో రాస్తాం గదా. చీటీలు మారిపోయినా పొట్టి అక్షరాలు పోలేదు.

ఇప్పుడు అందరూ వాడే విమ్‌ను హాలండు దేశస్థుడు బ్రామ్ మూలనార్ 1991లో లోకానికి ఇచ్చాడు. ఉచితంగానే ఇచ్చాడు. తెరిచిన వెంటనే కనిపించే పలకలో, డబ్బు ఇవ్వాలనుకుంటే ఉగాండాలోని పిల్లలకు ఇవ్వమని రాసిపెట్టాడు. ఎయిడ్స్ వ్యాధి తల్లిదండ్రులను ఎత్తుకుపోయిన కిబాలే అనే ఊళ్ళో ఆయన స్వయంగా పనిచేసి వచ్చాడట. 2023 ఆగస్టులో చనిపోయాడు. ఆ పలక చూసిన రాత్రి మాకు ఈ పనిముట్టు మీద కోపం కొంత తగ్గిందని ఒప్పుకోవాలి.

నాలుగైదు రాత్రులయ్యాక దీనికి ఒక వ్యాకరణం వుందని బోధపడింది. డి అంటే తీసెయ్. డబ్ల్యు అంటే మాట. డి, డబ్ల్యు అని వరుసగా నొక్కితే ఒక మాట పోతుంది. మధ్యలో 3 పెడితే మూడు మాటలు పోతాయి. డి రెండుసార్లు నొక్కితే వరుస మొత్తం మాయం. తీసేసింది వెంటనే పారేయదు, జేబులో వేసుకుంటుంది; పి నొక్కితే మళ్ళీ పెడుతుంది. పొరపాటైతే యు నొక్కితే వెనక్కు వస్తుంది. ఇంతవరకు బాగానే వుంది. కాని ముందు క్రియ, తర్వాత కర్మ. "తీసెయ్, మాటను" అన్నట్టు. మనం అట్లా మాట్లాడం గదా! మనకు మాట ముందు, తీసెయ్యడం తర్వాత. పదే పదే తడబడ్డాం. ఎనిమిదో రాత్రి వి అనే మీట దొరికింది. అది నొక్కి, దిద్దదలచిన మేర ముందు గుర్తు పెట్టుకుని, ఆ తర్వాత డి నొక్కవచ్చు. కర్మ ముందు, క్రియ చివర. అచ్చమైన తెలుగు వాక్యం! అనుభవజ్ఞులు దాన్ని అంత గౌరవించరట. మేము మాత్రం సిగ్గులేకుండా అదే వాడుతున్నాం.

తెలుగులో పేర్లు రాయాలనీ ప్రయత్నించాం. మీటల పలకను తెలుగుకు మార్చి మళ్ళీ ఇంగ్లీషుకు తిప్పడం మరిచిపోతే హెచ్, జె, కె, ఎల్ కాస్తా ప, ర, క, త అయిపోతాయి. ఆజ్ఞ అర్థంకాక యంత్రం కీచుమంటుంది. పైగా ఆ నల్లటి తెర మీద మన ఒత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. పేర్లు ఇంగ్లీషులోనే వుంచాం.

ఇక అసలు చిక్కు మోడ్. ఈ పనిముట్టుకు ముఖ్యంగా రెండు స్థితులు వున్నాయి. ఒకదానిలో మీటలు ఆజ్ఞలు. రెండోదానిలో అవే మీటలు అక్షరాలు. తెరవగానే వుండేది ఆజ్ఞల స్థితి. ఐ గాని ఏ గాని నొక్కితే రాతలోకి వెళతాం; ఎస్కేప్ నొక్కితే తిరిగి ఆజ్ఞలలోకి వస్తాం. ఈ సంగతి ఫోనులో మా నాన్నగారితో చెబితే, "మోడా? చిగురించేదా, చిగురించనిదా?" అన్నారు. ఆయన టైపు హయ్యరు పాసైనవారు, ముప్ఫై యేళ్ళు ఆఫీసులో మిషను ముందు కూర్చున్నవారు. "మా మిషను మీద ఏ కొడితే ఏ పడేది. దానికి ఇంకో అర్థం వుండేది కాదు" అన్నారు. ఆ మాట మాకు తర్వాత చాలాసార్లు జ్ఞాపకం వచ్చింది.

ఈ మోడ్‌ల మీద కోపం ఆయనకొక్కరికే కాదు. జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో 1970లలో బ్రావో అనే ఎడిటర్ వుండేది. అందులో ఆజ్ఞల స్థితిలో వున్నామని మరిచిపోయి ఇంగ్లీషులో ఎడిట్ అనే మాట కొడితే ఏమయ్యేదో చెబుతారు: ఇ కొడితే పత్రం మొత్తం ఎన్నుకోబడుతుంది, డి దాన్ని తీసేస్తుంది, ఐ రాత మొదలుపెడుతుంది, మిగిలిన టి ఒక్కటే తెర మీద మిగులుతుంది. అదే కేంద్రంలో పనిచేసిన లారీ టెస్లర్ ఇలాంటి స్థితులు వుండకూడదని జీవితమంతా వాదించాడు. తన కారు నంబరు పలక మీద కూడా మోడ్‌లు వద్దని రాయించుకున్నాడు. మనం రోజూ వాడే కత్తిరించడం, అతికించడం ఆ మనిషి చలవే.

ఇది వింటే నవ్వు వస్తుంది. కాని మా వృత్తిలో నవ్వు రాదు. గుండెకు షాకు ఇచ్చే యంత్రం సంగతి చూడండి. నాడి వున్న రోగికి గుండె లయ తప్పి పరుగెడుతుంటే, కొట్టుకునే క్షణానికి సరిగ్గా జతపడేట్టు షాకు ఇవ్వాలి. దానికి సింక్ అనే గుండీ నొక్కుతాం. అదే రోగి గుండె ఒక్కసారిగా వణుకులోకి పోతే జతపడడానికి కొట్టుకోవడమే వుండదు. సింక్ తీయకపోతే ఎంత నొక్కినా యంత్రం ఎదురుచూస్తూ కూర్చుంటుంది, షాకు రాదు. చేతిలో వున్నది అదే గుండీ, గదిలో వున్నది అదే మనిషి. 1992 జనవరిలో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ దగ్గర విమానం కొండకు తగిలి 87 మంది పోయినప్పుడు, చోదకులు దిగే కోణం పెడుతున్నామనుకుని దిగే వేగం పెట్టి వుంటారని దర్యాప్తు చేసినవారు గట్టిగా అనుమానించారు. రెండింటికీ గుండీ ఒక్కటే. ఇవన్నీ తెలిసినవాళ్ళమే మేము. తెలిసీ చేశాం.

శిబిరం నాడు వలంటీర్లు మనిషికొక వరుస చొప్పున వివరాలు ఎక్కించారు. వరుస చివర ఫోను నంబరు. చక్కెర 200 దాటినవారు తొమ్మిదిమంది తేలారు. వాళ్ళ వరుసల చివర ఆ అంకె రాయడం మా వంతు. శనివారం రాత్రి కూర్చుని చీటీలు చూసి ఎక్కించాం. పరాయివాళ్ళ కంట పడకూడదని, ఎక్కించిన చీటీ ఎక్కించినట్టే చించేశాం. పదకొండు రాత్రులు చదివామన్న ధీమా కూడా కొంత వుంది. వేళ్ళు వాటంతట అవే పోతున్నాయని మురిసిపోయాం.

తొమ్మిదిమందినీ సోమవారం రమ్మని శిబిరంలోనే చెప్పాం. ఎనిమిదిమంది వచ్చారు. రానివాడు నలభై యేళ్ళ వెల్డరు, జగిత్యాల వైపు మనిషి. అతనికి వచ్చిన అంకె 418. రెండు నెలల్లో ప్యాంట్లు వదులయ్యాయని, రాత్రుళ్ళు నాలుగైదుసార్లు లేస్తున్నానని శిబిరంలో నవ్వుతూ చెప్పాడు. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే మూత్రపిండాలు దాన్ని పట్టి వుంచలేవు. చక్కెరతో పాటు నీళ్ళూ పోతాయి. ఈ దేశంలో వేసవి మధ్యాహ్నాలు ఎండలో పని చేయించకూడదన్న నియమం 2007 నుంచి వుంది. అప్పట్లో జూలై, ఆగస్టు నెలలకే, 2025 నుంచి జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 దాకా. మంచి నియమమే. కాని అది బయట ఎండకు వర్తిస్తుంది. రేకుల కప్పు కింద వెల్డింగు చేసేవాడి దాహానికి అది వర్తించదు. అలాంటి మనిషి ఒంట్లో నీళ్ళు ఆరిపోయి స్పృహ తప్పడానికి ఎన్నో రోజులు అక్కర్లేదు.

సోమవారం రాత్రి జాబితా తెరిచి ఫోను చేయబోయాం. నంబరులో ఏడే అంకెలు వున్నాయి. ఇక్కడి నంబర్లకు ఎనిమిది వుండాలని మీకు తెలుసు.

ముందు వలంటీర్ల మీద విసుక్కున్నాం. సిగ్గుతో రాస్తున్నాం గాని, అది నిజం. తర్వాత ఆ వరుసను తేరిపార చూస్తే మిగతా ఎనిమిది వరుసల్లో నంబరుకూ మా రాతకూ మధ్య కామా వుంది. ఇందులో ఉత్త ఖాళీ మాత్రమే వుంది. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి గుర్తు వచ్చింది. ఆ వరుస దగ్గర షుగర్ అని కొడితే మొదటి అక్షరం పడలేదు. ఎస్ సరిగ్గా నొక్కలేదేమో అనుకుని, వెనక్కు పోయి, ఖాళీ ఒకటీ, ఎస్ ఒకటీ చేర్చి ముందుకు పోయాం.

ఎస్ సరిగ్గానే నొక్కాం. డాలరు గుర్తు నొక్కి వరుస చివరికి పోయాం. అప్పుడు దిమ్మ చివరి అంకె మీద నిలిచి వుంది. ఏ నొక్కి రాతలోకి పోవడం మరిచి, సరాసరి షుగర్ అని మొదలుపెట్టాం. ఆజ్ఞల స్థితిలో ఎస్ అంటే, దిమ్మ కింద వున్న అక్షరాన్ని తీసేసి రాతలోకి పో అని అర్థం. అది మా మాట అక్షరాలా పాటించింది. అంకెను మింగి, మిగతా నాలుగు అక్షరాలూ మర్యాదగా రాసిపెట్టింది. తెర అడుగున రాత స్థితి అని చూపిస్తూనే వుంది గనుక అంతా సవ్యంగా వుందనుకున్నాం. డిని నొక్కి వుంటే ఏదో ఒకటి కళ్ళముందే పోయి, యు నొక్కి తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు భద్రపరిచి మూసేసి రెండు రోజులైంది. మూశాక పాత అడుగులు దానికి గుర్తుండవు. చీటీ చెత్తబుట్టలోంచి ఎప్పుడో పోయింది.

పోయింది చివరి అంకె అని మాత్రం నిశ్చయంగా తెలిసింది. అంటే పది నంబర్లు. సున్నా నుంచి మొదలుపెట్టాం.

ఎవరికి చేసినా జబ్బు పేరు చెప్పకూడదు, మనిషి పేరూ చెప్పకూడదు. "డాక్టర్లం, శుక్రవారం శిబిరానికి వచ్చినవారి కోసం చేస్తున్నాం" అనడం తప్ప మార్గం లేదు. సున్నా వాడుకలో లేదని అరబ్బీలో, ఇంగ్లీషులో చెప్పింది. ఒకటి బెంగాలీ వడ్రంగి. రాంగ్ నంబర్ భాయ్ అన్నాడు. రెండు మోగింది, ఎవరూ తీయలేదు. మూడు ఒక అరబ్బు ముసలమ్మ. మా అరబ్బీ మందులు, నొప్పులు దాటి పోదు; ఆవిడ మాత్రం ఓపికగా విని, ఎవరికో బాగాలేదని గ్రహించి, అల్లా యిష్‌ఫీహ్ అని దీవించి పెట్టేసింది. నాలుగు కోల్డ్ స్టోర్ నడుపుకునే మలయాళీ. అయిదు ఆపి వుంది. ఆరు తెలుగువాడే! మా గుండె ఝల్లుమంది. కాని శ్రీకాకుళం మనిషి, సిత్రాలో పని, శిబిరం సంగతే తెలియదు. డాక్టర్లు వాళ్ళంతట వాళ్ళే ఫోను చేశారు గదా అని ఇంటి దగ్గర వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి పావుగంట అడిగాడు. చెప్పకుండా పెట్టేయడానికి మనసొప్పలేదు. ఏడు మోగి ఆగిపోయింది. ఎనిమిది ఆపి వుంది. తొమ్మిది అవతలివాడు డబ్బులు గుంజే ఫోను అనుకుని తిట్టాడు. అతని తప్పేమీ లేదు, అలాంటి ఫోన్లు అందరికీ వస్తున్నాయి.

రెండు, అయిదు, ఏడు, ఎనిమిది మిగిలాయి. మంగళవారం ఒకరు ఆ నాలుగింటికీ గంటగంటకూ చేస్తూ వుండగా, రెండోవారు డ్యూటీ అయ్యాక సల్మాబాద్ వీధుల్లో షెడ్లు వెతికారు. ఇక్కడ ఎన్ని షెడ్లు వున్నాయో మనకు శుక్రవారం కారులో పోతూ తెలియదు. నడిస్తే తెలుస్తుంది. ప్రతి మూడో తలుపులో ఒకడు ముఖానికి నల్లద్దం పెట్టుకుని నిప్పురవ్వల మధ్య కూర్చుని వున్నాడు. అద్దం వెనక మొహం కనిపించదు. రెండు అనేది సాయంత్రం ఎత్తారు. అది నేపాలీ కుర్రాడిది. ఆ రాత్రి మేమిద్దరం ఒకరితో ఒకరు ఎక్కువ మాట్లాడుకోలేదు.

బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకు ఏడు పలికింది.

"ఎవలు? డాక్టర్ సారా? నేను మంచిగనే ఉన్న సార్. జర నీరసం, అంతే." నాలుక తడారిపోయిన మాట అది. సోమవారం ఎందుకు రాలేదని అడిగితే కాసేపు పలకలేదు. "షుగర్ అని కంపెనీల తెలిస్తే ఇంటికి పంపిస్తరని భయపడ్డ సార్. ఇంక రెండేండ్ల అప్పున్నది" అన్నాడు. తెలియని నంబరు అని రెండు రోజులుగా మా ఫోను తీయలేదట. వున్నచోటే వుండమని చెప్పి, కారు వేసుకుపోయి, ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్పించాం. అక్కడ కొలిస్తే 500 దాటింది. సెలైను, ఇన్సులిన్, మూడు రోజులు. బాగయ్యాడు. ఇప్పుడు మందులతో పనికి పోతున్నాడు. పని ఇచ్చినవాళ్ళు ఎవరూ అతన్ని ఏమీ అనలేదు, ఈసారికి.

కెనడాలో వున్న తమ్ముడికి ఇదంతా రాస్తే, ఎనిమిది అంకెలు వరుసగా లేని వరుసలన్నీ ఏరి చూపించే ఆజ్ఞ ఒకటి పంపించాడు. అది కొట్టగానే అతని వరుసతో పాటు ఇంకో రెండు పైకి వచ్చాయి. ఒకటి వలంటీరుది, ఒకటి మళ్ళీ మాది. అదృష్టవశాత్తు ఆ ఇద్దరినీ ఎరిగినవాళ్ళు మనలోనే వున్నారు, నంబర్లు దొరికాయి. ఇకముందు జాబితా మూసేముందు ఆ ఆజ్ఞ కొట్టకుండా మూయం. చీటీలు కూడా నెలరోజులు బీరువాలో తాళం వేసి వుంచుతాం. వలంటీర్లను విసుక్కున్నందుకు వాళ్ళకు ఇక్కడే క్షమాపణ చెప్పుకుంటున్నాం.

పోయిన శుక్రవారం ఆ వెల్డరు మా ఇంటికి వచ్చాడు. భోజనాలయ్యాక, నా పేరు ఎక్కడున్నది, చూపియ్యిరి అన్నాడు. నల్లటి తెర తెరిచి అతని వరుస చూపించాం. నంబరు ఇంకా ఏడు అంకెలతోనే వుంది. హడావుడిలో దిద్దనే లేదు. దిమ్మను జరిపి చివరి అంకె మీద నిలిపి, ఒకరు "ఏ" అని పైకి అంటే రెండోవారు ఏ నొక్కారు. అడుగున రాత స్థితి అని పడేదాకా ఆగాం. 7 కొట్టాం. ఎస్కేప్ నొక్కాం. అలవాటుకొద్దీ మళ్ళీ నొక్కాం.

అతను తెరకు దగ్గరగా వంగి, వేలితో ఒక్కొక్క అంకె ముట్టుకుంటూ మొదటినుంచి చదువుకున్నాడు. మా పాప పక్కన నిలబడి లెక్కపెట్టింది.